సాయంత్రం బస్సు టూర్: టికెట్ కొనేముందు పొద్దు ఎప్పుడు వాలుతుందో చూసుకోండి

ఆఫీసు పని మీద ఊళ్లు తిరగడం మొదలై ఆరేళ్లయింది. ఏ పెద్ద నగరానికి వెళ్లినా మొదటి సాయంత్రం సైట్‌సీయింగ్ బస్సు ఎక్కడం నాకు అలవాటు. ఇప్పటికి తొమ్మిది సార్లు ఎక్కాను. పైకప్పు లేని డబుల్ డెక్కర్లు, ఏసీ బస్సులు, గైడ్ మైకులో చెప్పేవి, ఇయర్‌ఫోన్లలో రికార్డింగ్ వినిపించేవి, అన్నీ చూశాను. వాటిలో ఏది మేలన్నది ఎవరిని అడిగినా చెప్తారు. నా అనుభవంలో టూర్ బాగుండటమా, డబ్బులు దండగ కావడమా అన్నది తేల్చేది ఒక్కటే: బస్సు బయల్దేరే టైమ్.

ఇది నాకు అమ్మతో వెళ్లినప్పుడు తెలిసింది. అంతకుముందు నాలుగుసార్లు అదృష్టం కొద్దీ కుదిరింది కాబట్టి టైమ్ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. అమ్మని తీసుకెళ్లింది బాగా ఉత్తరాన ఉన్న ఒక నగరానికి, నిండు వేసవిలో. టికెట్ మీద 'నైట్ టూర్' అనే ఉంది. దీపాల వెలుగులో మెరిసిపోతున్న వంతెన బొమ్మ కూడా ఉంది. ఏడున్నరకి బస్సు. గంటన్నర టూర్.

ఏడున్నరకి ఎండ మొహం మీద కొడుతోంది. కాసేపట్లో తగ్గుతుందిలే అనుకున్నాను. బొమ్మలోని వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. వంతెన కమ్మీల మీద వరసగా బిగించిన బల్బులు కనిపిస్తున్నాయి, ఒక్కటీ వెలగలేదు. "లైట్లు ఇంకా వేయలేదేంరా?" అంది అమ్మ. వేస్తారమ్మా అన్నాను. టికెట్ చేతిలోనే పట్టుకుని, ఆ బొమ్మ వంకా వంతెన వంకా మార్చి మార్చి చూసింది. తొమ్మిదికి బస్సు మమ్మల్ని దింపేసింది. అమ్మకి మోకాళ్లు నొప్పిగా ఉంటే అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టాను. ముప్పావు గంట గడిచాక ఎదురుగా ఉన్న పాత భవనం కింది నుంచి పైదాకా ఒక్కో అంతస్తే వెలిగింది. అమ్మ లేచి నిలబడి చూసింది. ఆ రోజు మేము చూసిన దీపాలు అవే, అవీ బస్సు దిగాక.

తర్వాత టికెట్ల దగ్గర అడిగితే, బస్సు టైమ్ ఏడాదంతా ఒకటేనన్నారు. ఆ బొమ్మ చలికాలంలో తీసిందని అప్పుడు అర్థమైంది. భూమధ్యరేఖకి దూరంగా ఉన్న ఊళ్లలో ఈ తేడా చాలా పెద్దది. లండన్‌నే తీసుకోండి, జూన్ చివర్లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి 9.20 దాటుతుంది, డిసెంబర్‌లో అయితే సాయంత్రం 4 కూడా కాదు. సింగపూర్‌లో ఏడాది పొడవునా ఏడు గంటలకి కాస్త అటూ ఇటూనే. అంటే ఒకే టైముకి బయల్దేరే బస్సు ఒక ఊళ్లో ఎప్పుడెక్కినా బాగుంటుంది, ఇంకో ఊళ్లో ఆర్నెల్లపాటు పనికిరాదు. ఈ మాట టికెట్ మీద రాయకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

కుదిరినప్పుడు మాత్రం ఎంత బాగుంటుందో! ఆ తర్వాత ఒకసారి సూర్యాస్తమయానికి ఇరవై నిమిషాల ముందు బయల్దేరే బస్సు వెతికి మరీ ఎక్కాను. మొదటి రెండు మూడు చోట్లు పగటి వెలుగులోనే చూశాం, రాతి మీద చెక్కడాలు కూడా స్పష్టంగా కనిపించాయి. నది దగ్గరికి వచ్చేసరికి ఆకాశం ముదురు నీలం, కింద దీపాలు పసుపు. పొద్దు వాలాక ఆ నీలం అరగంట అటూ ఇటూగా ఉంటుంది, ఉత్తరాదిన వేసవిలో ఇంకాస్త ఎక్కువ. ఆ తర్వాత ఆకాశం నల్లబడి, ఫోన్ ఫోటోల్లో దీపాలు తెల్లటి మచ్చల్లా వస్తాయి. ఆ అరగంటలో బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తీసిన ఒక్క ఫోటో ఇప్పటికీ నా ఫోన్ స్క్రీన్ మీద ఉంది.

మేడ మీద ముందు సీటే ఎక్కండని ఇదివరకు అందరికీ చెప్పేవాడిని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. చీకటి పడ్డాక, బస్సు వేగం అందుకున్నాక, పైన చలిగాలి మామూలుగా ఉండదు. పైగా ముందున్న అద్దంలో వెనకవాళ్ల ఫోన్ల వెలుతురంతా కనిపిస్తుంది. మధ్య వరసలో పక్క సీటు నయం. అమ్మలాంటి వాళ్లకి ఆ ఇరుకు మెట్లు అసలు వద్దు, కింద కూర్చోవాల్సిందే. కింద కూర్చుంటే మన కిటికీ పక్కనే ఉన్న ఎత్తైన భవనం పై అంతస్తులు కనిపించవు. రోడ్డుకి అవతల ఉన్నదే పూర్తిగా కనిపిస్తుంది. కాబట్టి రూటు మ్యాప్ చూసి, ముఖ్యమైనవి ఎటువైపు వస్తాయో కనుక్కుని సీటు ఎంచుకోవాలి.

ఇంకొకటి: పగలు ఎక్కి దిగుతూ తిరిగే టికెట్ చాలాచోట్ల రాత్రి టూర్‌కి చెల్లదు. రాత్రి బస్సు ఎక్కువగా మధ్యలో దింపకుండా చుట్టు తిరిగి వచ్చేస్తుంది. ఏదైనా చోట దిగి కాసేపు నిలబడి చూడాలనుకుంటే ముందే అడగాలి. దీపాల ప్రదర్శనలకీ వేళలుంటాయి. పారిస్‌లో ఐఫిల్ టవర్ చీకటి పడ్డాక గంటకోసారి, గంట మొదట్లో 5 నిమిషాలు తళుకుమంటుంది. బస్సు అటువైపు వెళ్లేది పదీ పదికైతే అది తప్పిపోయినట్టే.

నేను ఎక్కువగా ఒంటరిగా వెళ్తాను, ఊళ్లో ఒక్క సాయంత్రమే ఖాళీ దొరుకుతుంది. అందుకే నాకు ఈ బస్సు ఇంకా మంచి బేరమే. రెండు మూడు రోజులు ఉండేవాళ్లకి, నడవగలిగేవాళ్లకి అంత అవసరం లేకపోవచ్చు. అమ్మని మళ్లీ తీసుకెళ్లాలని ఉంది. ఈసారి నవంబర్‌లో, శాలువా పట్టుకుని.