రోమింగ్ ప్యాక్ రివ్యూ: ప్యాక్‌కి నాలుగు స్టార్లు, అమ్మిన షోరూమ్‌కి ఒకటి

ఈ రోమింగ్ ప్యాక్, అంటే మన సిమ్‌నే విదేశంలో వాడుకునే ప్యాక్, అమ్మిన కంపెనీ పేరు రాయట్లేదు, అడగొద్దు. మా ఆఫీసులో ఈ కథ చెప్తే ముగ్గురు వేరే వేరే కంపెనీల సిమ్ములు చూపించి మాదీ ఇదే కథ అన్నారు, కాబట్టి పేరుతో పనిలేదు. 

నేను చెన్నైలో వేళచ్చేరిలో ఉంటాను, అమ్మానాన్న నెల్లూరు. అక్కకి సింగపూర్‌లో రెండో కాన్పు, అమ్మ నెల రోజులు అక్కడ ఉండేదానికి పోవాలి, నాన్న మోకాళ్ల నొప్పులని తప్పించుకున్నాడు కాబట్టి ఒక్కతే. పినాకిని రైల్లో వచ్చి మా ఇంట్లో రెండు రోజులు ఉండి ఫ్లైట్ ఎక్కాలి. అక్కడికి పోయినాక లోకల్ సిమ్ కొనుక్కోవచ్చు కదా అంటారేమో, కానీ అమ్మకి కావాల్సింది ఇంటర్నెట్ కాదు, ఆ పాత నంబరే. చీటీ డబ్బులు ప్రతి నెలా పదో తారీకు లోపల కట్టాలి, బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, గ్యాస్ బుకింగ్ దాని మీదే, పాలామె నుంచి పెద్దమ్మ దాకా అందరూ చేసేది దానికే.

శనివారం షోరూమ్‌కి పోయాం. టోకెన్ తీసుకుని ముప్పావు గంట కూర్చున్నాక ఒక కుర్రోడు పిలిచాడు, మంచోడే, మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే విని తనే తెలుగులోకి వచ్చేశాడు. మూడు వేలకి కాస్త తక్కువలో నెల రోజుల ప్యాక్ వేశాడు. మా అమ్మ ఒకటికి నాలుగు సార్లు అడిగింది, "నాయనా, అక్కడ దిగినాక నేనేమన్నా నొక్కాల్నా?" అని. "ఏం అక్కర్లేదు ఆంటీ, ల్యాండ్ అవ్వగానే ఆటోమేటిక్‌గా వచ్చేస్తది" అన్నాడు. పనిలో పనిగా ఒక స్క్రీన్ గార్డ్ కూడా అంటగట్టాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని గార్డ్ అతికించాడు గానీ ఒక్క సెట్టింగ్ తెరిచి చూళ్లేదు. నేను ఒక్క స్టార్ ఇచ్చింది దీనికే, మిగతాదంతా దీని వెనకాల వచ్చిందే.

రాత్రి ఫ్లైట్. సింగపూర్ టైం మనకంటే రెండున్నర గంటలు ముందు, వాళ్లకి పొద్దున ఏడైతే మనకి నాలుగున్నరే. అలారం పెట్టుకుని లేచి కూర్చుంటే అమ్మకి పంపిన వాట్సాప్‌కి ఒక్క టిక్కే. ఐదున్నరకి అక్క ఫోను. అమ్మ ఫోన్‌లో సిగ్నల్ గీతలు లేవంట, అక్కడ ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒకామె తమిళం మాట్లాడుతుంటే తన నెల్లూరు తమిళంతో ఆమెని పట్టుకుని అక్క నంబర్ చూపించి ఆమె ఫోన్‌లోంచి చేయించుకుందంట. సింగపూర్‌లో తమిళం అధికార భాష అవడం వల్ల బతికిపోయాం అనుకోండి. బావ అదే గేటు బయట గంట నుంచి నిలబడి ఉన్నాడు, ఈమె లోపల ట్రాలీ పట్టుకుని నిలబడి ఉంది.

ఇంటికి పోయినాక బావ అందరూ చేసేవన్నీ చేశాడు. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీయడం, రీస్టార్ట్, డేటా రోమింగ్ ఆన్ చేయడం (అది ఆఫ్‌లోనే ఉంది, షోరూమ్ కుర్రోడికి మళ్లీ ఒక దండం), సిమ్ తీసి పెట్టడం. నో సర్వీస్. నేను ఇక్కడి నుంచి 198కి చేశాను. వాళ్లు చెప్పింది వినండి: "సార్, ప్రాబ్లమ్ ఉన్న నంబర్ నుంచే కాల్ చెయ్యండి". అది పనిచేయట్లేదు కాబట్టే కదయ్యా నా నంబర్ నుంచి చేస్తున్నాను అంటే, సరే వెరిఫికేషన్‌కి ఆ నంబర్‌కే ఓటీపీ పంపిస్తాం చెప్పండి అన్నారు. నేను నవ్వాలో ఏడవాలో తెలీక ఫోన్ పెట్టేశాను. ఇంకో విషయం, విదేశంలో ఉన్నప్పుడు ఈ 198, 121 లాంటి పొట్టి నంబర్లని నమ్ముకోకండి, ప్లస్ 91తో మొదలయ్యే పూర్తి కస్టమర్ కేర్ నంబర్ వేరే ఉంటుంది, అది ఇక్కడే సేవ్ చేసుకుని పోవాలి. అది కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

సోమవారం ఆఫీసులో, ఇంతకుముందు టెలికాం టెస్టింగ్ చేసొచ్చిన ఒకాయన ఉంటే ఆయన్ని క్యాంటీన్‌లో పట్టుకున్నాను. ఆయన సాంబార్ వడ తింటూ ఒకే ముక్క అడిగాడు, "నెట్‌వర్క్ సెలెక్షన్ ఆటోమేటిక్‌లో ఉందా?" అని. నాకు వెంటనే లైటు వెలిగింది. రెండేళ్ల కింద ఇంట్లో సిగ్నల్ ఆగట్లేదని నాన్న ఆ ఫోన్‌ని ట్రంకు రోడ్డులో రిపేర్ షాపుకి తీసుకుపోతే అతనేదో సెట్టింగ్ మార్చి ఇచ్చాడు. అంటే ఆటోమేటిక్ తీసేసి మన కంపెనీ నెట్‌వర్క్‌ని మేకు కొట్టినట్టు ఫిక్స్ చేసి పెట్టాడు. ఇండియాలో ఉన్నంత కాలం తేడా తెలీదు. సింగపూర్‌లో దిగినాక కూడా ఆ ఫోన్ పాపం నెల్లూరు టవర్‌నే వెతుక్కుంటా కూర్చుంది.

అక్క ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి అమ్మ చేతే చేయించాను, బావ ఆఫీసుకి పోయినాడు, అక్క లేవలేదు. 

"అమ్మా, మొబైల్ నెట్‌వర్క్స్ అని ఉందా, అది నొక్కు." 

"నొక్కినా. ఏందో అంకెలొచ్చినాయిరా అబ్బయా." 

"చదువు." 

"ఐదు రెండు ఐదు సున్నా ఒకటి. ఇంకోటి ఐదు రెండు ఐదు సున్నా మూడు. ఇంకోటి సున్నా ఐదు. ఏంది, ఓటీపీనా?" 

ఓటీపీ కాదు. 525 అంటే మొబైల్ నెట్‌వర్క్‌ల లెక్కలో సింగపూర్ కోడ్, మనది 404, 405. 52501 సింగ్‌టెల్, 52503 ఎం1, 52505 స్టార్‌హబ్, మూడూ అక్కడి మొబైల్ కంపెనీలు. కొన్ని ఫోన్లలో పేర్లు రావు, ఇట్టా అంకెలే వస్తాయి, చూసి భయపడకండి. ఇందులో మన కంపెనీకి ఎవరితో ఒప్పందం ఉంటే వాళ్ల మీదే మన సిమ్ ఎక్కుతుంది, మిగతావాళ్లు గుమ్మంలోనే ఆపేస్తారు. అట్టా ఆపిన నెట్‌వర్క్‌ని సిమ్ ఒక లిస్టులో రాసి పెట్టుకుని మళ్లీ తనంతట తాను దాని జోలికి పోదంట, చేత్తో ఎంచితేనే పోతుందంట. ఇది ఆ సాంబార్ వడ సార్ చెప్పిందే. ఆటోమేటిక్ ఆన్ చేయించి రీస్టార్ట్ చేయించాను, రెండు నిమిషాల్లో గీతలొచ్చినాయి, వెల్‌కమ్ టు సింగపూర్ మెసేజ్ వచ్చింది, దాని వెనకాలే రెండు రోజుల మెసేజ్‌లు వరసపెట్టి దిగాయి. చీటీ కట్టేసింది.

అయిపోయింది అనుకున్నాం. నెట్ వస్తోంది, మెసేజ్ వస్తోంది, కాల్స్ మాత్రం పోవట్లేదు, మోగకుండానే కట్. దీనికి కారణం నాకు భలే నచ్చింది. మన దగ్గర చాలా ఫోన్లలో వోల్టే (4జీ మీదే కాల్ మాట్లాడించేది) ఆఫ్‌లో ఉన్నా తెలీదు, కాల్ రాగానే ఫోన్ 4జీ వదిలేసి 2జీలోకి దిగి మాట్లాడిస్తుంది. సింగపూర్‌లో 2జీని 2017లోనే ఆపేశారు, 3జీని కూడా 2024లో ఆపేశారు. దిగుదామంటే కింద మెట్టే లేదు. అమెరికాలో 3జీ 2022లో పోయింది, ఆస్ట్రేలియాలో 2024లో పోయింది, అక్కడికి పోయే పెద్దోళ్ల పాత ఫోన్లకీ ఇదే గొడవ. వోల్టే బటన్ ఆన్ చేయించగానే కాల్ పోయింది. మా అదృష్టం, ఫోన్‌లోనూ అది ఉంది, మా కంపెనీకీ అక్కడ వోల్టే రోమింగ్ ఉంది. ఈ రెండింట్లో ఏది లేకపోయినా నెట్ వస్తది, మాట రాదు. మూడు వేలు తీసుకునే ముందు ఫోన్ చూసి చెప్పాల్సిన విషయం ఇదా కాదా మీరే చెప్పండి.

డేటా గురించి. స్పీడ్ పర్లేదు, కాకపోతే ఏదన్నా తెరిస్తే ఒక క్షణం ఆలోచిస్తది, ఎందుకంటే రోమింగ్ డేటా సింగపూర్ నుంచి ఇండియాలో మన కంపెనీ సర్వర్ దాకా పోయి అక్కడ నుంచి బయటికి పోతుంది. దీనివల్ల ఒక వింత జరిగింది. అక్క ఇంట్లో వైఫై ఉంది, అది వాడుకోమ్మా అంటే వినదు, రోజూ సాయంత్రానికి ఆ రోజు డేటా అంతా ఖాళీ. చివరికి తేలిందేంటంటే వైఫైలో పెడితే సీరియల్ యాప్ ఈ దేశంలో చూపించం అంటోందంట, మొబైల్ డేటాలో పెడితే మనం ఇండియాలోనే ఉన్నాం అనుకుని చక్కగా చూపిస్తోందంట. ఈమె ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి సీరియల్ టైంకి వైఫై ఆపేసి కూర్చుంటోంది. ఈ ఒక్క విషయంలో ప్యాక్‌కి అమ్మ ఐదుకి ఐదు ఇచ్చింది, నేను ఒకటి తగ్గించాను.

ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే వుడ్‌ల్యాండ్స్ వల్ల. అక్క ఇల్లు అక్కడే, సింగపూర్‌కి ఉత్తరాన, సన్నటి జలసంధి దాటితే మలేషియా జొహోర్ బారు. రెండో వారం పెద్దమ్మ కాల్ మాట్లాడుతుంటే మధ్యలో తెగిపోయి మెయిన్ బ్యాలెన్స్ సున్నా అయింది. మెసేజ్‌లు చూస్తే వెల్‌కమ్ టు మలేషియా! అమ్మ ఇంటి గడప దాటలేదు, బాల్కనీలో కూర్చుని బట్టలు మడతేస్తోంది. ఫోనే నీళ్ల అవతలి టవర్‌కి పోయి తగులుకుంది. మా ప్యాక్ సింగపూర్‌కి మాత్రమే, మలేషియాలో ఇన్‌కమింగ్‌కి కూడా విడి రేటు. ప్రీపెయిడ్ కాబట్టి ఉన్న నూట నలభై రూపాయలతో పోయింది, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు ఎంతదాకా పోయేదో. బోర్డర్ పక్కన ఎవరింట్లో దిగినా ఇది చూసుకోండి, ఓడల్లో, కొన్ని విమానాల్లో కూడా వాటి సొంత నెట్‌వర్క్ ఉంటుంది, అది తగులుకుంటే ఇంకా దారుణం. అక్కడ ఎయిర్‌ప్లేన్ మోడే దిక్కు.

మందు ఏంటంటే ఆటోమేటిక్ తీసేసి మాకు పనిచేస్తున్న సింగపూర్ నెట్‌వర్క్‌ని చేత్తో ఫిక్స్ చేయడం. అవును, మొదట్లో ఏ మేకు పీకామో అదే మేకు మళ్లీ కొట్టాం. అమ్మ నన్ను ఒక చూపు చూసింది వీడియోలో. "ఆ నెల్లూరు రిపేరోడు చేసింది తప్పన్నావే?"

ఆ నూట నలభైకి నేను కంప్లైంట్ పెట్టాను, డబ్బు కోసం కాదు, ఒళ్లు మండి. డాకెట్ నంబర్ ఇచ్చి మూడో రోజు పరిష్కరించబడినది అని మూసేశారు, ఏం పరిష్కరించారో దేవుడికే తెలియాలి. అట్టా మూసేస్తే వదిలేయకండి, అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని ఉంటుంది, 30 రోజుల్లోపు అప్పీల్ వేసుకోవచ్చు, ఫీజు లేదు, 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తాం అంటారు చాలామంది, ట్రాయ్ ఒక్కొక్కరి కంప్లైంట్ తీసుకోదు. అప్పీల్ వేశాక మెయిన్ బ్యాలెన్స్‌లో ఆ డబ్బు మళ్లీ పడింది, సారీ మెసేజ్ మాత్రం పడలేదు.

ఇంకోసారి పంపాల్సి వస్తే ఈ ప్యాక్ తీసుకోను, కోపంతో కాదు. అమ్మ ఫోన్‌కి రెండు స్లాట్లు ఉన్నాయి. రెండోదాంట్లో అక్కడి సిమ్ వేసి డేటా, కాల్స్ దాంట్లో పెట్టి, మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీస్ మాత్రం ఆన్ చేయించి డేటా రోమింగ్ ఆఫ్ ఉంచితే చాలు, మా ప్లాన్‌లో రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లకి డబ్బులు లేవు. ఓటీపీలు వస్తాయి. సీరియల్ రాదు, అది అమ్మకి ఎట్టా చెప్పాలో చూడాలి. మన నంబర్‌కి కాల్ ఫార్వర్డింగ్ ఏమన్నా పెట్టుంటే పోయేముందు ##002# కొట్టి తీసేయండి, లేకపోతే ఎత్తని కాల్‌కి కూడా రోమింగ్ రేటు పడే అవకాశం ఉంది. వారం లోపు ట్రిప్ అయితే మాత్రం ప్యాకే నయం, కొత్త సిమ్ తిరుగుడు ఎవరు పడతారు.

మొన్న గురువారం రాత్రి అమ్మ తిరిగొచ్చింది. మీనంబాక్కం ఎయిర్‌పోర్టు బయట నేను నిలబడి చేస్తున్నా, చేస్తున్నా, అందుబాటులో లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సింగపూర్ మేకు పీకమని చెప్పడం మర్చిపోయాను. ఈసారి మర్చిపోయింది నేనే కాబట్టి షోరూమ్‌ని ఏమీ అనట్లేదు. గంట తర్వాత ట్రాలీ నిండా డైపర్ డబ్బాల అట్టపెట్టెల్లో సర్దిన సామానుతో వచ్చి, ఫోన్ నా చేతిలో పెట్టి, "ఆటోమేటిక్ నొక్కరా ముందు, రేపు పదో తారీకు" అంది.