అక్షరాలిస్తే మాటలిచ్చే యాప్: చదువుకోవడానికి బ్రహ్మాండం, తీర్పుకు మాత్రం వద్దు

అక్షరాల టైల్స్‌తో బోర్డు మీద ఇంగ్లీషు మాటలు పేర్చే ఆట స్క్రాబుల్. ఆ పిచ్చి ఉన్నవాళ్ళ ఫోన్లో మాటలు వెతికిపెట్టే యాప్ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది ఏం చేస్తుందో అందరికీ తెలుసు కాబట్టి ఆ వివరాల జోలికి పోను. నేను చాలాకాలంగా వాడుతున్నదాని పేరు రాయడం లేదు. నా మనసు పడింది అందులోని ఒకే ఒక్క సదుపాయం మీద: బ్లాంక్, అంటే ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ టైల్, పెట్టి వెతకడం.

సటైర్ అన్న మాటలోని ఆరు అక్షరాలు కొట్టి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టండి. ఆ బ్లాంక్ ఏ అక్షరమైతే ఏ ఏడక్షరాల మాట పుడుతుందో విడివిడిగా వరస కట్టి చూపిస్తుంది. సి అయితే రేసియెస్ట్, స్టియరిక్. డి అయితే అస్ట్రైడ్, టైరేడ్స్. జి అయితే గెయిటర్స్. వి అయితే వాస్టియర్. ఎన్ పడిందా, ఇక పండగే: రిటెయిన్స్, రెటినాస్, నాస్టియర్, స్టెయినర్, రెట్సీనా... ఏడు టైల్సూ ఒకేసారి దింపితే 50 పాయింట్లు అదనం. బ్లాంక్ చేతికి రాగానే చాలామంది దాన్ని ఎస్‌గా మార్చి ఏదో చిన్న మాటకు తగిలించేస్తారు. ఈ వరసలు రాత్రిపూట చూడటం మొదలుపెట్టాక నాకు అలా ఖర్చు పెట్టేయడానికి చెయ్యి రావడం లేదు.

ఇందులో కిటుకు తేలికే. ప్రతి మాటలోని అక్షరాలనూ ముందుగా ఏబీసీడీల వరసలో పేర్చి ఉంచుకుంటే చాలు. రిటెయిన్స్ అయినా, నాస్టియర్ అయినా అలా పేరిస్తే వచ్చేది ఒక్కటే: ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ. మనం ఇచ్చిన అక్షరాలనూ అలాగే పేర్చి సరిపోల్చుకుంటే పని అయిపోతుంది. నేను కూడా ర్యాక్ మీద టైల్స్‌ను ఇదే వరసలో సర్దుతున్నాను. నిజంగా పనికొస్తోంది.

మన దగ్గరున్న అక్షరాలతో ఏ మాటలొస్తాయి అని అడగడం ఒకటి, ఈ అక్షరాలు తప్పకుండా ఉండాలి, మిగతావి ఏవైనా సరే అని అడగడం మరొకటి. రెండో పద్ధతిలో ఒకసారి జె, క్యూ రెండూ కొట్టాను. జాంక్విల్, జాకార్డ్‌లతో పాటు జెక్విరిటీ వచ్చింది. ఏమిటా అని చూస్తే, మన గురివింద గింజ! కంసాలులు బంగారం తూచిన గింజ ఇంగ్లీషు ఆటలో కనబడేసరికి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అర్థం మాత్రం వేరేచోట వెతుక్కోవాల్సి వచ్చింది, ఎందుకంటే యాప్‌లో అర్థాలు ఉండవు. రెట్సీనా అంటే గ్రీకుల వైన్ అని కూడా అలాగే తెలుసుకున్నాను.

ఇక అసలు గొడవ. ఆదివారాలు మా మావయ్య ఇంట్లో ఆట ఉంటుంది. మాట చెల్లుతుందా లేదా అని తగువొస్తే యాప్ చెప్పిందే తీర్పు. చెల్లకపోతే టైల్స్ వెనక్కి తీసుకోవాలి, ఆ వంతు పోయినట్టే. ఒకరోజు మావయ్య బోర్డు మీదున్న రెండు ‘ఓ’లకు సరిగ్గా మూలలో జెడ్ పెట్టాడు. అడ్డంగా జో, నిలువుగా జో. జెడ్ పడింది అక్షరం విలువను మూడింతలు చేసే ట్రిపుల్ లెటర్ గడిలో. అంటే 62 పాయింట్లు! మా బావ ఒప్పుకోలేదు. నేను ఫోన్ తీసి కొట్టాను. అలాంటి మాట లేదంది.

“మావయ్యా, ఇందులో లేదు.”

“ఒరేయ్, అది టిబెట్ వైపు పశువురా, యాక్‌కీ ఆవుకీ పుట్టేది. ఎప్పటినుంచో ఆడుతున్న మాట!”

అయినా నియమం నియమమే. జెడ్ వెనక్కి తీసుకున్నాడు. ముప్పై చిల్లర పాయింట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ తర్వాత టీ కూడా తాగలేదు.

రాత్రి సెట్టింగ్స్ తెరిచి చూస్తే సంగతి బయటపడింది. ఆ వారం వచ్చిన అప్‌డేట్ నేను ఎంచుకున్న కాలిన్స్ లిస్టు (ఆటలో చెల్లే మాటల జాబితా) తీసేసి అమెరికన్ లిస్టు పెట్టేసింది. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అప్‌డేట్ వివరాల్లో రాసింది వేగం పెంచామని మాత్రమే. అమెరికా, కెనడాల్లో ఒక లిస్టు నడుస్తుంది, మన దేశంలో టోర్నమెంట్లకు కాలిన్స్. తేడా చిన్నదేం కాదు. 2019 కాలిన్స్‌లో 2,79,496 మాటలుంటే 2018 అమెరికన్ లిస్టులో సుమారు 1,92,000. రెండక్షరాల మాటలే కాలిన్స్‌లో 127, అమెరికన్ లిస్టులో 107. జో, సీహెచ్ అమెరికన్ లిస్టులో లేవు. ఇలాంటి చిన్న మాటల మీదే కదా ఆట గెలిచేది!

వాళ్ళకు రాశాను. ధన్యవాదాలు చెబుతూ జవాబొచ్చింది. తర్వాతి అప్‌డేట్‌కు మళ్ళీ అదే జరిగింది. అందుకని ఇప్పుడు యాప్ తెరవగానే ముందు జెడ్, ఓ కొట్టి చూస్తాను. జో కనబడితే కాలిన్స్ ఉన్నట్టు.

కాబట్టి బ్లాంక్ వరసల గురించి పైన చెప్పిన మెచ్చుకోలు కూడా లిస్టు సరిగ్గా ఉన్నప్పటి మాట. లిస్టు మారిపోయి ఉన్న ఆ కొన్ని రోజులూ కాలిన్స్‌లో మాత్రమే ఉన్న మాటలు నా కంటపడే అవకాశమే లేదు.

మా ఇంట్లో తీర్పు ఇప్పుడు కాలిన్స్ పుస్తకానిది. మావయ్య పట్టుబట్టి తెప్పించాడు. యాప్‌ను మాత్రం నేను తీసేయలేదు, డబ్బు కట్టిన వెర్షన్‌నే కొనసాగిస్తున్నాను, ఎందుకంటే రాత్రిపూట చదువుకోవడానికి నాకు ఇంతకన్నా మంచిది దొరకలేదు. మీరు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి అమెరికన్ లిస్టు మీదే ఆడుతుంటే ఈ బెడద మీకు తగలకపోవచ్చు. ఐదక్షరాల మాట ఊహించే వర్డిల్ ఆట వరకే అయితే డబ్బు కట్టక్కర్లేదు, ఉచిత వెర్షన్ సరిపోతుంది. టోర్నమెంట్‌కు తయారవుతున్న పిల్లలున్న ఇంట్లో అయితే, లిస్టు పేరు తెర మీద ఎప్పుడూ కనబడే యాప్ ఏదైనా దొరుకుతుందేమో ముందు వెతకండి.