ముందు మూత తీసి చూడండి: రెండు కరెంటు కార్లతో ఆరేళ్లు

శ్రీకాకుళంలో ఉంటూ ఆరేళ్లుగా కరెంటు కారే నడుపుతున్నాను. మొదటిది రెండేళ్లు నడిపాను, రెండోదానికి నాలుగేళ్లు నిండాయి. ఈ రెండింటి మధ్య నాకు బాగా తెలిసొచ్చిన తేడా ఛార్జింగ్ పోర్టు, అంటే కారుకి ఛార్జర్ తగిలించే చోటు.

మొదటిది హైదరాబాద్‌లో ట్యాక్సీగా తిరిగిన కారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తే కొన్నాను. దాని పోర్టు గుండ్రటిది, జీబీ/టీ అనే చైనా రకం. మన దేశంలో మొదట్లో, 2017 నాటికి అనుకున్న భారత్ డీసీ-001 అనే ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి అది. ఎంత ఫాస్ట్ ఛార్జింగ్ అన్నా 15 కిలోవాట్లే. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఇబ్బంది లేదు. రాత్రి ఇంట్లో 15 యాంప్స్ సాకెట్‌కి పెడితే తెల్లారేసరికి నిండేది.

అమ్మకి కళ్లు చూపించి విశాఖ నుంచి వస్తున్న రోజు అసలు సంగతి బయటపడింది. రణస్థలం చేరేసరికి 9 శాతమే మిగిలింది. హైవే పక్క హోటల్లో కొత్త ఫాస్ట్ ఛార్జర్ కనబడగానే ప్రాణం లేచొచ్చింది. కారుకి గుచ్చే గన్ తీసి చూస్తే పైన చిన్న పిన్నులు, వాటి కింద రెండు లావుపాటివి. నా కారుకేమో గుండ్రటి పోర్టు. "ఇది మీ కారుకి ఎక్కదు బావూ" అన్నాడు అక్కడి కుర్రాడు. పక్క టీ కొట్టాయన్ని అడిగి ప్లగ్ పెట్టుకుంటే, ఇంటికి చేరేపాటి ఛార్జింగ్‌కి మూడు గంటలు పట్టింది. అంతసేపూ అమ్మ నల్లకళ్లద్దాలతో బల్ల మీదే కూర్చుంది. నాకు చాలా బాధేసింది.

అడాప్టర్ దొరుకుతుందేమోనని తయారీ కంపెనీకి ఫోన్ చేశాను. "ఆ మోడల్ ఆపేశామండీ" అని పెట్టేశారు. తర్వాత ఓ ఎలక్ట్రీషియన్ విడమరిచి చెప్పాడు. ఆ కారు బ్యాటరీ 72 వోల్టులది, కొత్త ఛార్జర్లు ఇచ్చే వోల్టేజీ మొదలయ్యేదే దానికి రెట్టింపు పైన. అంటే అడాప్టర్ ఉన్నా పని జరగదు.

అందుకే రెండో కారు కొనేటప్పుడు షోరూంలో ముందు పోర్టు మూత తీయించాను. సీసీఎస్2, రణస్థలంలో చూసిన ఆ గన్ పట్టే రకం. పై ఏడు పిన్నుల భాగం ఇంటి దగ్గర ఏసీ ఛార్జింగ్‌కి కూడా పనికొస్తుంది, కింది రెండు లావువి డీసీ ఫాస్ట్ ఛార్జింగ్‌కి. 68 వేల కిలోమీటర్లు తిరిగాను. కొత్తలో ఒక్క ఛార్జింగ్‌తో 210 వచ్చేది, ఇప్పుడు 190 దాకా వస్తోంది. విశాఖ వెళ్లి రావాలంటే మధ్యలో ఒకచోట గంట ఆగితే చాలు. టెన్షన్ పోయింది. ఇంట్లో మాత్రం ఎర్తింగ్ సరిగ్గా లేక మొదటి నెల ఛార్జర్ మీద ఎర్రలైటు వచ్చేది. నూతి పక్కన గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి కొత్త ఎర్త్ వేయించాక మళ్లీ రాలేదు. కరెంటు కారు కొనేవాళ్లు ఈ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి.

ఇక కంపెనీల మాట. 2030 నాటికి అన్నీ కరెంటు కార్లే అమ్ముతామని 2021లో చెప్పిన వోల్వో, 2024 సెప్టెంబరులో ఆ లక్ష్యాన్ని సడలించుకుంది. అలాంటి ప్రకటనలు చూసి కారు కొనకూడదని నా అభిప్రాయం. పోర్టు మారినప్పుడు పాత కారువాళ్ల కోసం ఏం చేశారన్నది చూడాలి. అమెరికాలో ఫోర్డ్ 2023లో టెస్లా పోర్టుకి మారతామని ప్రకటించి, మరుసటి ఏడాది పాత కార్లవాళ్లకి అడాప్టర్లు పంపింది. అదీ మాట నిలబెట్టుకోవడమంటే. అదే టెస్లా 2025లో మన దేశానికి వచ్చినప్పుడు తన సొంత పోర్టు పక్కనపెట్టి సీసీఎస్2 పెట్టింది. ఇక్కడ కొనేవాళ్లకి అంతకన్నా భరోసా ఏం కావాలి?

మొన్న పలాసలో మా తోడల్లుడు ఓ పాత కరెంటు కారు బేరం చేస్తూ ఫోన్ చేశాడు. రంగు బాగుంది, టైర్లు కొత్తవి అంటున్నాడు. పోర్టు మూత తీసి ఫొటో పంపమన్నాను. గుండ్రంగా ఉంది. వద్దన్నాను.