పాత పికప్‌కి బాడీ, పెయింట్: మొత్తం గీకించాలా, కుళ్లినంత మార్పించాలా, ఉన్నది కాపాడుకోవాలా?

డ్రైవర్ వైపు తలుపు తీస్తే కింద గుమ్మం రేకు ఉంటుంది కదా, అక్కడ పెయింట్ శనగగింజంత ఉబ్బి కనిపించింది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూశాను. సగం దాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే వెంట ఎర్రటి పొడి, తడిమట్టి రాలాయి. అప్పటిదాకా ఏ రంగు వేయిస్తే బాగుంటుందా అని ఆలోచిస్తున్నవాణ్ణి, ఆ పూట నుంచి రంగు సంగతే మర్చిపోయాను.

పాత పికప్‌కి బాడీ పని, పెయింటింగ్ కలిపి ఎంతవుతుందని ఎవరు అడిగినా ముందు తుప్పు ఎంతుందో చూడమంటాను. రంగు డబ్బా ధర మొత్తం ఖర్చులో చిన్న ముక్క. డబ్బంతా మనిషి గంటల్లోనే పోతుంది: విప్పడం, గీకడం, కుళ్లిన రేకు కోయడం, కొత్తది అతకడం, పుట్టీ పెట్టి అరగదీయడం, మళ్లీ బిగించడం. గన్ పట్టుకుని రంగు కొట్టేది ఒకటి రెండు రోజులే. ఆ రోజు కోసం పడే పాట్లు వారాలు, ఒక్కోసారి నెలలు. అందుకే ఒకే బండికి ఇద్దరు చెప్పే రేట్లకు పొంతన ఉండదు. ఒకతను పైన కనిపించేదానికి చెబుతాడు, ఇంకొకతను లోపల ఉండబోయేదానికి చెబుతాడు.

మన ముందున్న దారులు మూడు. ఒకటి, బండిని ముక్కముక్కలుగా విప్పి, పాత రంగంతా తీసేసి, ఉత్త రేకు నుంచి మొదలుపెట్టడం. రెండు, కుళ్లిన చోట్లు కోసి సరిచేసి, మిగతా పాత రంగు గట్టిగా ఉంటే దాన్నే అరగదీసి పైన రంగు వేయించడం. మూడు, రంగు జోలికి పోకుండా తుప్పును మాత్రం ఆపి, ఉన్న రూపంతోనే నడుపుకోవడం.

మొదటి దారి చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో ఖర్చు అంత భయంకరంగా ఉంటుంది. సరిగ్గా చేస్తే వందల గంటల పని. రంగు తీయడమే పెద్ద తతంగం. ఇసుకతో బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి గీకడం) చేయిస్తే తొందరగా అవుతుంది, ఛాసిస్‌కి చక్కగా పనికొస్తుంది. కానీ అదే జోరుతో బానెట్, పైకప్పు, తలుపుల లాంటి పల్చటి వెడల్పు రేకుల మీద కొడితే రేకు అలలు తిరుగుతుంది. ఒకసారి అలా తిరిగిందంటే మళ్లీ చదును చేయడం చాలా కష్టం. అలాంటి రేకులకు మిషన్‌తో గీకడమో, కెమికల్ పూయడమో నయం. పైగా ఉత్త రేకును తేమగాలికి వదిలేస్తే ఒక్క రాత్రిలోనే ఎర్రబారొచ్చు, గీకిన వెంటనే ఎపాక్సీ ప్రైమర్ (రేకును తేమ నుంచి కాపాడే అడుగు పూత) పడాలి. ఇంకో సంగతి, పాత రంగు కింద ఏముందో గీకేదాకా ఎవరికీ తెలియదు. పాత యాక్సిడెంట్లు, వేలు మందాన పుట్టీ, అతుకు మీద అతుకు అన్నీ అప్పుడే బయటపడతాయి. మొదట చెప్పిన అంచనా దాటిపోయేది ఇక్కడే.

నా ఓటు రెండో దారికే, అదీ ఒక షరతు మీద. తుప్పు పని పూర్తయ్యేదాకా రంగు మాట ఎత్తకూడదు. ఇంతకుముందు ఇదే బండికి తక్కువలో అవుతుందని ఒకచోట చేయించాను. తుప్పు మీదే పుట్టీ రాసి, నున్నగా చేసి, రంగు కొట్టి ఇచ్చారు. తెచ్చుకున్న రోజు మురిసిపోయాను. ఒక్క వానాకాలం గడిచేసరికి అవే చోట్ల బుడగలు లేచాయి. ఆ డబ్బు పోయింది. పైగా ఈసారి ఆ పుట్టీ గీకడానికి కూడా లేబర్ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే ఖరీదైన పెయింటింగ్ ఏదంటే నా లెక్కలో అదే.

పికప్‌లో తుప్పు పట్టే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే. తలుపుల కింది గుమ్మం, క్యాబిన్ వెనక మూలలు, చక్రాల పై వంపులు, కాళ్ల కింద ఫ్లోర్, వెనక సామాను వేసే తొట్టి అడుగు, క్యాబిన్‌ను ఛాసిస్‌కి బిగించే చోట్లు. ఇవన్నీ నీళ్లు, బురద చేరి ఆరకుండా ఉండిపోయే చోట్లే. వీటిలో క్యాబిన్ బిగింపు చోట్లు, ఛాసిస్ కుళ్లి ఉంటే రంగు గురించి ఆలోచించడమే దండగ, ముందు అవి బాగవ్వాలి. చాలా పాత పికప్‌లలో తొట్టి విడిగా ఉండి ఛాసిస్ మీద బోల్టులతో బిగించి ఉంటుంది, ఆ మోడళ్లకు అదో అదృష్టం. ముందురోజే బోల్టులకు నూనె పట్టించి, లైట్ల వైర్లు, పెట్రోల్ పోసే గొట్టం విడదీస్తే నలుగురు మనుషులు ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. తొట్టి తీయకపోతే క్యాబిన్ వీపుకు గన్ సరిగ్గా అందదు, ఛాసిస్ వెనక భాగం కనపడనే కనపడదు. తొట్టి దింపడానికి అడిగే లేబర్ దగ్గర నేనైతే బేరం చేయను.

రేకు దగ్గర కూడా ఎంచుకోవాల్సింది ఉంది. మీ మోడల్‌కి రెడీమేడ్ రేకు దొరికితే, చేత్తో వంచి అతుకు తయారు చేయించడం కంటే అదే చవక పడుతుంది, ఎందుకంటే గంటలు మిగులుతాయి. చిన్న చిల్లు అయితే అతుకు చాలు. ఏదైనా సరే, మంచి రేకు తగిలేదాకా కోయాల్సిందే. వెల్డింగ్ చుక్క చుక్కగా, ఒకచోట పెట్టి ఇంకోచోటికి మారుతూ చేయాలి. ఒకే గీతగా లాగేస్తే వేడికి రేకు వంకరపోయి, ఆ వంకర కప్పడానికి పుట్టీ మందం పెరుగుతుంది. పని అయ్యాక ఆ పెట్టెలాంటి గుమ్మాల లోపలికి మైనం స్ప్రే కొట్టించండి. తుప్పు లోపలి నుంచే వస్తుంది, రంగేమో బయట ఉంటుంది.

ఇక రంగు. లోడ్లు వేసే బండికి సింగిల్ స్టేజ్ సాదా రంగు నాకు నచ్చుతుంది. పైన క్లియర్ కోటు (రంగులేని మెరుపు పొర) ఉండదు, అంటే కోట్లు, టైమ్ రెండూ తగ్గుతాయి. తర్వాత ఎక్కడైనా గీసుకుపోతే ఆ ముక్క సరిచేయడం తేలిక. మెటాలిక్ అయితే సాధారణంగా కింద బేస్ రంగు, పైన క్లియర్ రెండూ వేయాలి, ఒక తలుపుకు వేసిన రంగు పక్క రేకుతో కలపడమూ కష్టం. బండి రంగు మార్చాలనుకుంటే మాత్రం తలుపు అంచులు, బానెట్ లోపల, తొట్టి లోపల అన్నీ కొత్త రంగులోకి రావాలి. అంటే విప్పే పని చాలా పెరుగుతుంది. పాత రంగే ఉంచితే ఆ ఖర్చు తప్పుతుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి విప్పడం, బీడింగులు, లైట్లు తీయడం, అరగదీయడం ఇంటి దగ్గర చేసుకోండి, దాంతోనే చాలా మిగులుతుంది. హార్డనర్ (రంగును గట్టిపరిచే రసాయనం) కలిపిన రంగు కొట్టే పని మాత్రం వద్దు. అందులో ఐసోసయనేట్‌లు ఉంటాయి, ఊపిరితిత్తులను పాడు చేసి జీవితాంతం ఉండే ఆస్తమా తెప్పించగలవు. దానికి బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు.

మూడో దారిని తక్కువగా చూడకండి. కంపెనీ వేసిన రంగు వెలిసినా రేకును పట్టుకునే ఉంటే, దాన్ని తీసేశాక మళ్లీ తేలేం. మందం కొలిచే మీటర్ పెట్టి చూడండి. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య ఉంటుంది, 1000 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. మీటర్ లేకపోతే మామూలు అయస్కాంతం చాలు, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది. రేకు మంచిదని తేలితే పైతుప్పు బ్రష్‌తో తీసి, తుప్పును మార్చే ద్రావణం పూసి, మైనం పట్టించి కొన్ని నెలలకోసారి మళ్లీ పూస్తూ ఉండొచ్చు. తుప్పు మీదే క్లియర్ కోటు కొట్టించుకునేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. దాని కింద తుప్పు పాకుతూనే ఉంటుంది, పొర లేచిపోతుంది.

నా బండికి రెండో దారే పట్టాను. షెడ్డువాళ్లతో మొత్తం పనికి రేటు మాట్లాడలేదు. విప్పి, తుప్పు కనపడేలా గీకి చూపించేదాకా ఒక మాట, ఆ తర్వాత రేకు పనికి ఒక మాట, చివరికి రంగుకు ఒక మాట అనుకున్నాం. ఇప్పుడు రెండు గుమ్మాలూ, ఎడమ వెనక మూలా కొత్త రేకుతో, బూడిదరంగు ప్రైమర్‌లో ఉన్నాయి. తొట్టి ఇంకా పక్కన చెక్కదిమ్మెల మీదే ఉంది. తొట్టి అడుగు మొత్తం మార్చాలో, రెండు అతుకులతో పోతుందో వచ్చే వారం తేలాలి.