జాగ్రత్త: 'టర్బో సీ 1.5 ఒరిజినల్ డిస్కులు' అంటే లేబుల్ చూసి డబ్బులివ్వకండి

పాత కంప్యూటర్ల కోసం అప్పటి ఫ్లాపీలు వెతుక్కుని కొనేవాళ్లు ఇది పూర్తిగా చదవండి. పోయిన నెల సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర ఒకతన్ని కలిసి, 6,500 రూపాయలిచ్చి, టర్బో సీ (బోర్లాండ్ కంపెనీ వాళ్ల సీ కంపైలర్) 1.5 లేబుల్ ఉన్న 5 ఫ్లాపీలు తెచ్చుకున్నాను. లేబుళ్లు అసలువే. డిస్కులు కూడా అసలువే అనిపిస్తోంది. లోపలున్నది మాత్రం 1.5 కాదు.

ఆ వెర్షనే ఎందుకంటారా? మన దగ్గర కాలేజీ ల్యాబుల్లో గ్రాఫిక్స్ మొదలుపెట్టడానికి ఇనిట్‌గ్రాఫ్ రాసినవాళ్లు, పాత్ తప్పు కొట్టి 'బీజీఐ ఎర్రర్' చూసినవాళ్లు లెక్కలేనంతమంది. ఆ బీజీఐ, అంటే తెర మీద బొమ్మలు గీసే బోర్లాండ్ గ్రాఫిక్స్ లైబ్రరీ, 1987లో టర్బో పాస్కల్ 4.0తో వచ్చింది. అదే ఏడాది వచ్చిన మొదటి టర్బో సీలో అది లేదు. 1988 జనవరిలో 1.5తో గానీ సీ రాసేవాళ్ల చేతికి రాలేదు. తర్వాతి 2.0, 2.01 ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. మధ్యలో వచ్చిన ఈ 1.5ని దాచుకున్నవాళ్లు తక్కువ. అందులో అప్పటి డిస్‌ప్లే కార్డుల కోసం ఉన్న సీజీఏ, హెర్క్యులిస్, ఈజీఏవీజీఏ డ్రైవర్ ఫైళ్లను 2.0లో ఉన్నవాటితో బైటుకు బైటు పోల్చి, ఏం మారిందో రాసిపెట్టాలని రెండేళ్లుగా తిరుగుతున్నాను.

ఇంటికొచ్చి, పొరపాటున కూడా డిస్కు మీద ఏమీ రాయకుండా దాని అంచున ఉండే నాచ్ (చిన్న గాటు) మీద టేపు అతికించి, 360 కేబీ డ్రైవ్ ఉన్న నా పాత ఎక్స్‌టీ పీసీలో మొదటి డిస్కు పెట్టి, ఫైళ్ల జాబితా చూపే 'డిర్' కమాండు కొట్టాను. డేటా ఎర్రర్. బూజు పట్టిందేమోనని కిటికీ దగ్గర పట్టుకుని నెమ్మదిగా తిప్పి చూశాను. గీత లేదు, మచ్చ లేదు. అదే డిస్కు స్నేహితుడి 1.2 ఎంబీ డ్రైవ్‌లో గడగడా చదివేసింది. అక్కడ మొదలైంది నా అనుమానం. 1.2 ఎంబీ డ్రైవ్ హెడ్ సన్నగా ఉంటుంది. ముందే వెడల్పాటి ట్రాకులున్న డిస్కు మీద అది మళ్లీ రాస్తే, కొత్త రాతకు అటూ ఇటూ పాత రాత అంచులు మిగిలిపోతాయి. 360 కేబీ డ్రైవ్ హెడ్‌కు రెండూ కలిపి వినిపిస్తాయి, ఏదీ అర్థం కాదు. కంపెనీ నుంచి వచ్చిన డిస్కు ఇలా ప్రవర్తించకూడదు.

లిస్టింగ్ చూశాక ఇక సందేహం మిగల్లేదు. బోర్లాండ్‌వాళ్లకు ఒక అలవాటుండేది: ఫైల్ టైములోనే వెర్షన్ నంబరు పెట్టేవాళ్లు. నా డిస్కుల మీద వరసగా అన్ని ఫైళ్లకూ ఒకటే టైము, తెల్లవారుజామున 2:01. అంటే 2.01. బోర్లాండే తర్వాత జనానికి ఉచితంగా ఇచ్చిన వెర్షన్! టీసీ (టర్బో సీ) తెరిచి చూస్తే పై మెనూలో 'బ్రేక్/వాచ్' కూడా ఉంది. అది ప్రోగ్రాంలో తప్పులు వెతికే డీబగ్గర్‌ది, ఆ డీబగ్గర్ వచ్చిందే 2.0తో. చివరగా, డిస్కు మొదట్లో, ఫార్మాట్ చేసిన డాస్ పేరు ఉండే బూట్ సెక్టార్ తీసి చూశాను. మూడో బైటు తర్వాత 'ఎంఎస్‌డాస్5.0' అని రాసుంది. డాస్ 5 వచ్చింది 1991లో. 1988 డిస్కు మీద ఆ ముద్ర ఎలా వస్తుంది?

ఫోన్ చేసి అడిగాను. అతను దాచలేదు. "అన్నా, అవి సరిగ్గ చదువుతలేవని నేనే ఫార్మాట్ కొట్టి కొత్తగ ఎక్కించిన. సాఫ్ట్‌వేర్ అదే గదా?" అన్నాడు. డబ్బులు వెనక్కి ఇవ్వనన్నాడు. అది పోతే పోయింది. ఆ డిస్కుల మీద మొన్నటిదాకా అసలు 1.5 ఉండి ఉండొచ్చు, ఒక్క ఫార్మాట్ కమాండుతో తుడిచిపెట్టుకుపోయింది అన్నది మాత్రం ఇప్పటికీ మింగుడుపడటం లేదు. కొన్ని సెక్టార్లు చదవకపోయినా మిగతావి కాపాడుకునేవాళ్లం కదా.

కొనేముందు 'డిర్' లిస్టింగ్ ఫొటో, టైములు కనిపించేలా, అడగండి. లేబుల్ ఫొటో ఎన్ని కోణాల్లో పంపినా ఒప్పుకోవద్దు. 5.25 అంగుళాల డిస్కు మధ్య రంధ్రం చుట్టూ గట్టి రింగు ఉందో లేదో చూడండి. 360 కేబీ డిస్కులకు అది సాధారణంగా ఉంటుంది, 1.2 ఎంబీవాటికి ఉండదు. 360 కేబీ అని చెప్పి రింగు లేనిది చూపిస్తే ఆగి అడగండి. వీలైతే అక్కడే, నిజమైన 360 కేబీ డ్రైవ్‌లో చదివించమనండి.

అతని దగ్గర ఇంకో డబ్బా ఉందట, ఇంకా తెరవలేదట. ఏ డిస్కూ ఫార్మాట్ చేయొద్దని, చదవకపోయినా అలాగే ఉంచమని బతిమాలి చెప్పాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, అతని దగ్గరో మీకు అలాంటి డబ్బా కనిపిస్తే, డ్రైవ్‌లో పెట్టకముందే ఒక్కో డిస్కు నాచ్ మీద టేపు అతికించండి. బేరం ఆ తర్వాత.