వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి వెళ్తే హేమకుండ్ మానకండి

ఫొటోల్లో చూసినట్టు కొండంతా రంగుల తివాచీ పరిచి ఉంటుందనుకుని ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి వచ్చేవాళ్లలో చాలామంది ఉసూరుమంటూ తిరిగెళ్తారు. మా వెనకాల నడిచిన ఒకాయనైతే ‘దీనికన్నా ఊటీ ఫ్లవర్ షోనే నయం’ అనేశారు. ఆయన దారిపక్కన ఒక్కసారైనా వంగి చూస్తే కదా!

జూన్ 1 నుంచి అక్టోబర్ 31 వరకు లోయ తెరిచి ఉంటుంది. పూలు నిండుగా ఉండేది జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. కొండచరియలు విరిగిపడేది కూడా అప్పుడే. రుషికేశ్ నుంచి జోషీమఠ్ దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోతామని ముందే అనుకుని ఒక రోజు అదనంగా పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

జోషీమఠ్ దాటాక వచ్చే గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, అక్కడి నుంచి ఘాంఘరియాకి సుమారు 10 కిలోమీటర్ల నడక. మకాం ఇక్కడే, లోయలో రాత్రి ఉండనివ్వరు. మేం దిగిన లాడ్జిలో ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, గది ముందు నిలబడ్డాక చెప్పింది ఇంకోటి. రజాయి తేమ వాసన, బకెట్ వేణ్నీళ్లకి మళ్లీ డబ్బులు. హాల్లో పదిమందితో పడుకోవడానికి ఇబ్బంది లేకపోతే గురుద్వారాయే మేలు. బస, భోజనం రెండూ ఉచితం.

లోయలోకి కంచర గాడిదల్ని రానివ్వరు. నడవలేనివాళ్లని వీపున బుట్టలో మోసుకెళ్లే మనుషులు దొరుకుతారు. పువ్వుల పేర్లు తెలిసిన స్థానిక గైడ్‌కి ఇచ్చే డబ్బు మాత్రం వృథా కాదు. భూర్జ చెట్ల కింద పడగ విప్పినట్టుండే కోబ్రా లిల్లీని మాకు చూపించింది ఆయనే. గులాబీ రంగు బాల్సమ్ అక్కడ మనిషెత్తు పెరుగుతుంది. పండిన కాయని వేలితో తాకితే చాలు, టప్పున పగిలి గింజలు చిమ్ముతుంది. పక్కనే తెల్లపూల పాలిగోనమ్ పొదలు. అదీ హిమాలయాల మొక్కే. 1982లో నేషనల్ పార్క్ అయ్యాక పశువుల మేత ఆగిపోయింది, ఈ పాలిగోనమ్ విపరీతంగా పెరిగి చిన్న మొక్కల్ని కమ్మేస్తోందని అటవీ శాఖ పీకిస్తూ ఉంటుంది.

నన్నడిగితే అసలు పూలు సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సరస్సుకి వెళ్లే దారిలోనే ఉన్నాయి. ఘాంఘరియా నుంచి 6 కిలోమీటర్లు, అంతా నిట్టనిలువు ఎక్కుడు. సగం దాటాక రాళ్ల సందుల్లో నీలి పాపీ కనిపిస్తుంది. కాడ నిండా ముళ్లు, పల్చటి నీలి రేకులు, మధ్యలో పసుపు కేసరాలు. సరస్సు దగ్గరపడే కొద్దీ బ్రహ్మకమలాలు. మన ఇళ్లల్లో రాత్రిపూట పూస్తే బ్రహ్మకమలమంటూ ఫొటోలు పెట్టేది అమెరికా ఖండపు కాక్టస్, దీనికీ దానికీ చుట్టరికమే లేదు. ఇక్కడిది లేత పసుపు కాగితాల్లాంటి పొరలతో ఉంటుంది. పొర కాస్త పక్కకి జరిగినచోట లోపల ముదురు ఊదా రంగు పూలగుత్తి కనబడింది. కోయడం నిషేధం.

పైన గురుద్వారా లంగర్‌లో (ఉచిత భోజనశాలలో) వేడి కిచిడీ, టీ పెడతారు. 4,300 మీటర్ల ఎత్తులో దానికి వంక పెట్టేవాళ్లు ఉండరు. మధ్యాహ్నం 2 దాటాక పైన ఉండనివ్వరు కాబట్టి తెల్లారగానే బయల్దేరాలి. మోకాళ్ల నొప్పులుంటే ఎక్కేటప్పుడు కంచర గాడిద మాట్లాడుకోండి. దిగేటప్పుడు మాత్రం తడి రాళ్ల మీద దాన్ని నమ్మేకన్నా చేతికర్రే నయం.