కిడ్నీ జబ్బుకి నలుగురు డాక్టర్లు, ఒక్క రింగు ఫైలు: చాలాకాలం వాడాక

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి ఒక్క డాక్టరుతో పని జరగదు. జ్వరానికి ఊళ్లో ఆర్ఎంపీ, బీపీ బిళ్ళలకి పీహెచ్‌సీ, కిడ్నీకి పలాస, ముదిరితే విశాఖ కేజీహెచ్. మధ్యలో ఎవరో చెప్పారని ఆకుమందు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాక కిడ్నీ వైద్యం దగ్గరైంది గానీ, మిగతా డాక్టర్లతో పని తప్పలేదు. ఎవరి చీటీ చూసినా సరిగ్గానే ఉంటుంది. అన్ని చీటీల మందులూ ఒకే ఒంట్లో పడ్డప్పుడే చిక్కు. దానికి మా ఇంట్లో వాడుతున్నది ఈ ఫైలు.

ఏ4 సైజు రెండు రింగుల ఫైలు, ఓ ఇరవై ప్లాస్టిక్ కవర్లు చాలు. ట్యాగు కట్టే అట్ట ఫైలు వద్దు. మధ్యలో కాయితం తియ్యాలంటే మొత్తం విప్పాలి, కన్నాల దగ్గర చిరుగుతుంది.

ప్రాణమంతా మొదటి పేజీలోనే ఉంది. ఓపీలో డాక్టరుకి ఉండేది రెండు మూడు నిమిషాలు, వెనక పేజీలు ఎవరూ తిప్పరు. పైన పేరు, వయసు, బరువు, పడని మందులు. కింద పట్టిక: మందు అసలు పేరు, బ్రాండు, మోతాదు, ఏ పూట, ఎవరు రాశారు, ఎప్పట్నుంచి. అసలు పేరు ఎందుకంటే, ఒకరు టెల్మా 40 రాస్తారు, ఇంకొకరు టెల్మికైండ్ 40 రాస్తారు. రెండూ టెల్మిసార్టానే. అట్టలు వేరు కదా అని రెండూ మింగితే బీపీ పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చూసి రాయండి. ఆపిన మందు మీద గీత కొట్టి, పక్కన తేదీ, కారణం రాయండి. పూర్తిగా చెరిపేస్తే తర్వాతి డాక్టరు మళ్లీ అదే రాస్తారు.

అదే పేజీలో ఎర్ర ఇంకుతో రెండు ముక్కలు.

ఒకటి: నొప్పి మందులు వద్దు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, బిళ్ళయినా సూదిమందైనా. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, నీరు తీసే బిళ్ళ వాడుతున్నవాళ్లకి ఇవి కూడా తోడైతే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. జీడితోటలో పని చేసొచ్చి నడుం నొప్పంటే ముందు పడేది ఈ సూదే. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్, అదీ చెప్పిన మోతాదులోనే.

రెండు: ఎడమ చేతికి సూది, సెలైన్ వద్దు. రేపు డయాలసిస్‌కి ఫిస్టులా (చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపే ఆపరేషన్) వెయ్యాలంటే ఆ నరాలే కావాలి. తప్పనప్పుడు కుడి అరచేతి వెనక పెట్టించుకోవాలి. ఎడమచేతి వాటం వాళ్లకి ఇది తిరగేసి.

రెండో పేజీ పరీక్షలది: తేదీ, క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే వ్యర్థం), ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె, తగ్గితే చెడ్డ), పొటాషియం, హిమోగ్లోబిన్, బీపీ, ల్యాబు పేరు. ల్యాబు మారితే పద్ధతి మారి క్రియాటినిన్ 1.8 కాస్తా 2.0 అనిపించొచ్చు. ఇంట్లో అందరూ బెంగపడేముందు ల్యాబు గడి చూసుకోండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఈజీఎఫ్ఆర్ 45 కంటే దిగగానే ఆ పేజీ డాక్టరుకి చూపించాలి. మోతాదు తగ్గిస్తారు, 30 దిగితే ఆపేస్తారు. పొటాషియం గడి కూడా ముఖ్యమే. నీరసానికి కొబ్బరినీళ్లు తాగమనడం మన వైపు మామూలు. పొటాషియం ఎక్కువున్నవాళ్లకి అది గుండె మీదకే తెస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆర్ఎంపీలు చాలామంది చీటీ రాయరు. సూది వేశాక ఖాళీ సీసా అడిగి తీసుకుని, లేబుల్ మీది పేరు అక్కడే ఎక్కించుకోవాలి. ఆకుమందు పొట్లం మీద పేరే ఉండదు. ‘పేరు తెలియని పొడి, ఫలానా తేదీ నుంచి’ అని రాసి, పొట్లం కూడా కిడ్నీ డాక్టరుకి చూపించండి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. దాచిపెడితే నష్టం మనదే.

ఈసీజీ, మెషీన్ బిల్లు లాంటి వేడి కాయితాల మీద అక్షరాలు వెలిసిపోతాయి, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా. ముందు జిరాక్సు తియ్యండి, కవర్లో అదే పెట్టండి.

14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ హెల్త్ ఐడీ) ఓపీ చీటీ త్వరగా రావడానికి బాగుంది. కానీ ఊరి ల్యాబు రిపోర్టు, ఆర్ఎంపీ వేసిన సూది అందులోకి వాటంతటవే రావు. ఫైలుకి అది బదులు కాదు. మొదటి పేజీ ఫొటో మాత్రం ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. 108 వచ్చేసరికి ఫైలు కోసం వెతికే తీరిక ఉండదు.

ఫైలు లావెక్కితే డిశ్చార్జి కాయితాలు, మొదటి స్కానింగు, బయాప్సీ రిపోర్టు ఉంచి, మిగతా పాతవి ఇంట్లో వేరే ఫైలుకి మార్చండి. పట్టికలో కొట్టివేతలు ఎక్కువైతే మొదటి పేజీ కొత్తగా రాసి, ఆపిన మందులు, కారణాలు కూడా అందులో ఎక్కించి, పైన తేదీ వేసి, పాతది ఫైల్లోంచి తీసెయ్యండి. రెండు పట్టికలు కనబడితే డాక్టరు ఏది చూస్తారో చెప్పలేం.